కిలియన్ తోట వైపు చూసిన కొయ్య స్వామి

జర్మనీలో నెక్కార్ నది ఒడ్డున మా ఊరి మతం మారింది నా బావమరిది కిలియన్ మొండితనం వల్ల. పట్నం చదువరులు వేరే కారణాలు చెబుతారు. అచ్చు పుస్తకాలట, రోముకు తరలిపోయే సొమ్మట, ఎవరో సన్యాసి వాదనట. అది తేలిన ఆరోహణ పండుగనాడు వాళ్ళలో ఒక్కరూ మా చర్చిలో లేరు. నేనున్నాను.

మా చర్చి పైకప్పు నడుమ ఒక రంధ్రం ఉండేది. ఏటా ఆ పండుగకు, స్వామి పరలోకానికి వెళ్తున్నట్టు, కొయ్య ఏసుస్వామికి తాడు కట్టి, అందులోంచి అటక మీదికి లాగేవాళ్ళు. కనుమరుగయ్యే ముందు ఆయన ముఖం ఎటు ఉంటే ఆ ఏడు వడగళ్ళు అటు పడతాయని ఊరి నమ్మకం. అందుకే ఆ ఒక్క రోజు ప్రార్థనలో ఎవరూ కునికేవాళ్ళు కారు.

ఆ ఏడు స్వామి తిరిగి తిరిగి తూర్పు కొండవాలు వైపు ఆగాడు. అక్కడున్నది కిలియన్ ద్రాక్షతోట ఒక్కటే.

కిలియన్ మా ఊరి పెద్ద. రోము పాత మతమో, ఆ సన్యాసి కొత్తదో తేల్చుకోమని ఈ ప్రాంతాన్ని ఏలే దొర కబురు పంపి ఉన్నాడు. పెద్దల్లో సగం అటు, సగం ఇటు. ఇక తేల్చాల్సింది కిలియన్ మాటే. నాకు మాత్రం పాతదే ఉండాలని ఉండేది. నా భార్య ఒట్టీలియ పోయాక, ఏటా మృతుల పండుగకు ఫాదర్ ఆమె పేరు పైకి చదివేవాడు. ఆమె సంబంధంగా నాకు మిగిలింది ఆ పిలుపే. ఒట్టీలియ కిలియన్‌కు సొంత అక్క.

"తాడు పట్టింది లుట్జ్ గాడు," అన్నాడు కిలియన్ అక్కడే నిలబడి. "వాడికి పుల్లటి వైన్ ఇచ్చానని కక్షకొద్దీ తిప్పాడు."

"పుల్లదని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నారు," అన్నాడు గంటలు కొట్టే లుట్జ్, అటక దిగుతూ. "నేను లాగానంతే. తిరిగింది ఆయన."

"మళ్ళీ దింపండి. ఈసారి నేను లాగుతా."

ఫాదర్ తల పట్టుకున్నాడు. "స్వామి ఏడాదికి ఒకసారే పరలోకానికి వెళ్తాడయ్యా. మర్చిపోయిన టోపీ కోసం వెనక్కొస్తాడా?"

నేనే ఫాదర్‌ని పక్కకు తీసుకెళ్ళి బతిమాలాను. కిలియన్‌కు కోపం వస్తే రేపు స్వామీ ఉండడు, తమరూ ఉండరు అన్నాను. ఒప్పుకున్నాడు. స్వామి దిగివచ్చాడు. ఆడవాళ్ళు గుండెల మీద సిలువ వేసుకున్నారు.

కిలియన్ అటకెక్కి తాడు పట్టాడు. బరువైన మనిషి, ఓపిక లేని మనిషి. ఒక్క ఊపున గుంజాడు. స్వామి గిర్రున తిరిగి, రంధ్రం అంచుకు తగులుకుని, తూర్పుకే ముఖం పెట్టి ఇరుక్కుపోయాడు. ఎంత లాగినా కదల్లేదు. పైనుంచి బూతులు వినబడ్డాయి.

"తొందరపెట్టకండి," అన్నాడు లుట్జ్. "ఏ ద్రాక్షతీగ ఎక్కడుందో స్వామిని చూసుకోనీండి పాపం."

చర్చి మొత్తం నవ్వింది. ఫాదర్ కూడా నవ్వాడు. అందుకు ఆయన్ని నేను క్షమించను.

కిలియన్ గడ్డం నిండా బూజుతో దిగాడు. "అది వట్టి కర్ర. కొత్త మతం బోధకుడు చెప్పేదీ అదేగా. పిలవండి ఆయన్ని."

నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం వాడింటికెళ్ళాను. "ఒరే, మీ అక్క పేరు ఇంక ఎవరు చదువుతారు?"

"కొత్త మతంలో పోయినవాళ్ళకి ప్రార్థనలు లేవు బావా."

"వడగళ్ళకి భయపడి మారానని ఒప్పుకో."

"వడగళ్ళకి కాదు. వాళ్ళు నవ్వారు."

"అక్కుంటే అందరికంటే ముందు తనే నవ్వేది."

"నవ్వేది," అన్నాడు. మాట మాత్రం మార్చలేదు.

ఆ ఏడు వడగళ్ళు ఎవరి తోటలోనూ పడలేదు. రంధ్రానికి పలకలు కొట్టేశారు.

మృతుల పండుగ రోజు కొత్త బోధకుడు చాలాసేపు మాట్లాడాడు. ఒక్క పేరూ చదవలేదు. నేను లేచి "ఒట్టీలియ" అన్నాను. అందరూ తిరిగి చూశారు. బోధకుడు కూర్చోమన్నాడు. కిలియన్ మాత్రం తన బూట్లకేసి చూస్తూ ఉండిపోయాడు.

తోడబుట్టినదాని పేరుకు తలెత్తని మనిషి గురించి చెప్పేదేముంది. వాడి సంగతి నా నోట ఇంక రాదు. వాడే వచ్చి అడిగినా రాదు.