కాన్పుల ఆసుపత్రికి అత్తయ్య

మా ఊరి కాన్పుల ఆసుపత్రికి పేరు మార్చారు. కనేవాళ్లు తగ్గారు, కాలుజారి పడేవాళ్లు పెరిగారు. ఉయ్యాలలు తీసేసి ఊతకర్రలు తెప్పించి, గేటు మీద 'ప్రభుత్వ వృద్ధుల వైద్యశాల' అని కొత్త బోర్డు పెట్టారు. దాని వెనక దీపాలు బిగించింది మా ఆయనే. అక్కడ ఎలక్ట్రీషియన్. ఊరు మాత్రం బోర్డులు చదవదు. ఆటోవాళ్లే కాదు, లోపల పనిచేసే నర్సులు కూడా ఇప్పటికీ కాన్పుల ఆసుపత్రి అనే అంటారు.

అత్తయ్య స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేదాకా ఇదంతా నాకు అక్కర్లేని గొడవ.

వీధి చివర డాక్టరు వచ్చి చూశాడు. రేపో ఎల్లుండో ఆపరేషన్ చేయించకపోతే ఆవిడ మళ్లీ లేచి నడవడం కల్ల అన్నాడు. ఆ ఆపరేషన్ చేసేది ఊరు మొత్తానికి ఆ ఆసుపత్రిలోనే.

"నేను రాను," అంది అత్తయ్య.

"ఎందుకమ్మా?" అన్నాడు మా ఆయన.

"డెబ్బై దాటినదాన్ని కాన్పుల ఆసుపత్రికి మోసుకుపోతావా? వీధిలోవాళ్లు ఎన్నో నెల అని అడిగితే ఏం చెప్పను?"

పేరు మారిందని, ఇప్పుడది వృద్ధుల వైద్యశాల అని ఆయన నచ్చజెప్పాడు. ఆవిడ మొహం ఇంకా ముడుచుకుంది.

"వృద్ధులా? ఎవర్రా వృద్ధులు?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మా అత్తయ్య. ఇప్పుడు తన కాలికే ముప్పు వచ్చినా లెక్క మార్చుకోదు.

ఆ ఆసుపత్రంటే ఆవిడకి మొదటినుంచీ పడదు. బజారుకి వెళ్లాలన్నా ఆ గేటు ముందునుంచి పోకుండా చుట్టు తిరిగి వెళ్తుంది. ఆసుపత్రి కూతవేటు దూరంలో ఉండగా మా ఆయన్ని ఇంట్లోనే కన్నది. అదేదో ఘనకార్యమైనట్టు ఇంట్లో అందరూ చెప్పుకుని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు నేనక్కడ నొప్పులు పడుతుంటే, మా అమ్మ ఊరినుంచి వచ్చేదాకా నా పక్కన ఆడదిక్కు లేదు. అత్తయ్య గడప దాటలేదు. "ఇల్లెవరు చూస్తారు?" అందట. ఇల్లేమైనా లేచిపోతుందా? ఆ మాట ఇన్నేళ్లూ కడుపులోనే పెట్టుకున్నాను.

బతిమాలి, బెదిరించి, అలిసిపోయి మా ఆయన అక్కడ మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కోవడానికి వెళ్లాడు. నేను తడి తువ్వాలుతో ఆవిడ ఒళ్లు తుడుస్తున్నాను. కాస్త కదిపితే చాలు, పళ్లు బిగబట్టి కళ్లు మూసుకుంటోంది. అయినా రానంటోంది. నాకు కోపం నషాళానికంటింది.

"మీరు మంచాన పడితే ఎత్తిపోసేది నేనే కదా అత్తయ్యా! నా పురుటికి రాలేదు, సరే పోనీ అనుకున్నా. మీ కాలికోసం కూడా రారా? ఆ ఆసుపత్రి మీకేం అపకారం చేసింది?"

ఆవిడ గోడవైపు చూస్తూ, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ ఆయనకంటే ముందు ఒకడు పుట్టాడు. అక్కడే. ఏడవలేదు. గుడ్డలో చుట్టి మీ మామయ్య చేతికిచ్చారు. నాకు చూపించలేదు. వెళ్లేటప్పుడు చిన్న చొక్కాలు కుట్టి పట్టుకెళ్లాను. అవి అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికొచ్చాను."

తువ్వాలులోంచి నీళ్లు నా కాళ్లమీద కారుతున్నాయి.

"మీ అబ్బాయికి తెలుసా?"

"తెలీదు. నువ్వు చెప్పకు. చెప్పాలనిపిస్తే నేనే చెప్తాను." మళ్లీ తనే అంది, "నీ కాన్పునాడు నేనేమీ ఇంట్లో కాలుమీద కాలేసుకుని కూర్చోలేదమ్మాయ్. పిల్ల ఏడ్చిందని కబురొచ్చేదాకా గుమ్మంలో నిలబడే ఉన్నాను."

ఏడుపు నాకొచ్చింది, ఆవిడకి కాదు. ఇన్నేళ్లు కడుపులో మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక, ఆవిడ పాదాలు మళ్లీ మొదటినుంచి తుడిచాను.

మా ఆయన మంచం దొరికిందని చెబుతూ వచ్చాడు. అత్తయ్య అడిగింది, "అక్కడ పురుళ్లగది ఇంకా ఉందా?"

"అదెందుకమ్మా నీకు? బల్లలన్నీ తీసేశారు. గోడల పొడుగునా పట్టుకోవడానికి కమ్మీలు బిగించారు. ఆపరేషన్ అయినవాళ్లకి ఆ గదిలోనే నడక నేర్పుతారు."

"నడక నేర్పుతారా?"

"ఆఁ, చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగూ వేయిస్తారు. ఆ గదికి లైట్లు నేనే పెట్టాను."

అత్తయ్య చెదిరిన కొంగు సర్దుకుంది.

"సరే, పద."

స్ట్రెచర్ మీద వీధిలోకి తెచ్చేసరికి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి ఎక్కడికని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "కాన్పుల ఆసుపత్రికి. కవలలంటున్నారు."

ఆపరేషన్ బాగానే జరిగింది. నడక నేర్పే అమ్మాయి ఆవిడ్ని కమ్మీల దగ్గర నిలబెట్టి, "భయపడకు బామ్మా, నేనున్నాగా," అంది. అత్తయ్య చూపు ఆ అమ్మాయి మీద లేదు, మూల కిటికీ మీద ఉంది. "నా బల్ల అక్కడుండేది," అంది నాకు మాత్రమే వినపడేలా. నేను ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ ఆ కిటికీ వైపే మొదటి అడుగు వేసింది.

ఇంటికి పంపేసే రోజున చక్రాల కుర్చీ తెస్తే ఎక్కనంది. రెండు చేతులతో వాకర్ పట్టుకుని నెమ్మదిగా గేటుదాకా వచ్చింది. అక్కడ నేల కాస్త వాలుగా ఉంటుంది.

"అది ఇలా ఇచ్చి నా భుజం పట్టుకో అమ్మా," అన్నాడు మా ఆయన.

"ఉండనీరా. కిందటిసారి ఈ గేటు నడిచి దాటినప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు."

"కిందటిసారా? నువ్విక్కడికి ఎప్పుడొచ్చావు?"

అత్తయ్య నా వైపు చూసింది. నేను ఆటో కోసం చూస్తున్నట్టు రోడ్డువైపు తిరిగాను. వెనక వాకర్ వాలు దిగి ఆగిన చప్పుడైంది.

"ఇంటికి పద, చెప్తాను. నీకో అన్న ఉండేవాడురా."