బాలయేసుకి ఈ ఏడు ఏ రంగు

తెల్లవారితే కొవ్వొత్తుల పండుగ. ఒటీలియా మాత్రం కుట్టుమిషను ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది. వీధిలో తక్కినవాళ్లు బాలయేసు బొమ్మకి రాజు దుస్తులో, దేవదూత రెక్కలో తొడిగి గుడికి తీసుకెళతారు. ఒటీలియా బాలయేసు మాత్రం ఎవరిస్తో అనే ఆమె కొడుకు ఆ ఏడాది ఏ ఫుట్‌బాల్ జట్టుకి ఆడితే ఆ జట్టు జెర్సీలో వెళతాడు, వీపు మీద తొమ్మిది అంకెతో.

బొమ్మ పాత జెర్సీలన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. కుర్రతనంలో ఊరి జట్టుకి ఆడినప్పటి నీలం, ఉత్తరాదిన గోల్స్ మీద గోల్స్ కొట్టినప్పటి పసుపు, సముద్రతీరంలో సగం రోజులు బెంచీ మీదే కూర్చున్నప్పటి నారింజ. అన్నీ ఒకే కొలత. కొడుకు బట్టలు ఏటికేడు బిగుతయ్యేవి కానీ బాలయేసు పెరగడు కదా. ఆ డబ్బా తెరిచినప్పుడల్లా కొడుకూ ఎప్పటికీ ఆడుతూనే ఉంటాడనిపించేది ఆమెకి.

అడుగున ఆకుపచ్చది ఉంది. అది జాతీయ జట్టు రంగు. ప్రపంచకప్పు ఏడు, ఆ జట్టులో పేర్లు ప్రకటించకముందే, కొడుకు ఉంటాడని తొందరపడి కుట్టేసింది. గుడిలో అందరూ చూసి మురిసిపోయారు. వేసవి రాకముందే ఎవరిస్తో మోకాలు మెలితిరిగింది. ప్రపంచకప్పంతా ఆమె వంటింట్లోనే, కాలు కుర్చీ మీద పెట్టుకుని చూశాడు. ముందే కుట్టడం వల్లేనని ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. కానీ అప్పట్నుంచీ కొడుకుని అడక్కుండా ఆమె గుడ్డ మీద కత్తెర పెట్టలేదు.

డిసెంబరులో అతని ఒప్పందం అయిపోయింది. మళ్లీ ఏ జట్టూ పిలవలేదు. అమ్మ దగ్గరికొచ్చి ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. జనవరి మొదట్లో మూడు రాజుల పండుగనాడు, బుల్లి బొమ్మ దాచి కాల్చిన రొట్టె కోసుకు తింటుంటే అతని పంటికింద ఏదో తగలడం, పిడికిలి బల్లకిందికి పోవడం ఒటీలియా చూసింది. రొట్టెలో బొమ్మ దొరికినవాళ్లే కొవ్వొత్తుల పండుగకి అందరికీ తమాలెలు, అంటే మొక్కజొన్న రేకుల్లో చుట్టి ఉడికించే పిండి కుడుములు, పెట్టాలి. వాడు బొమ్మ దాచింది పిసినారితనంతో కాదని ఆమెకి తెలుసు. ఆ రోజుకి వేరే ఊళ్లో, వేరే జట్టులో ఉంటానని వాడి ఆశ.

"ఇంకా మిషను కదల్లేదేం వదినా?" పక్కింటి హెర్మీనియా గుమ్మంలోంచి తొంగిచూసింది. "రేపు బాలయేసుని మొండిమొలతో తీసుకొస్తావా ఏంటి?"

"మావాడు రంగు చెప్పలేదు."

"ముప్ఫయ్యారేళ్లవాడికి ఇంకేం రంగు? తెల్లగౌను తొడిగెయ్."

"నీ బాలయేసే రెక్కల ఈకలు రాలి కోడిలా ఉన్నాడు. ముందు అది చూసుకో."

హెర్మీనియా నవ్వుకుంటూ వెళ్లిపోయింది. కాసేపటికి ఎవరిస్తో వచ్చి, మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"గ్వాటెమాలా నుంచి ఫోనొచ్చిందమ్మా. అక్కడి జట్టుకి ఆర్నెల్లు ఆడమంటున్నారు."

"జెర్సీ ఏ రంగు?"

"ఎరుపు."

ఆమె పెట్టె వెతికి ఎర్రగుడ్డ తీసింది, బల్ల మీద పరిచింది. కత్తెర చేతిలోనే ఉంది. "కత్తిరించనా?"

"నువ్వేమంటావ్?"

"ఒకసారి నా అంతట నేను అనుకుని కుట్టాన్రా. చాలు. ఈసారి నువ్వే చెప్పాలి."

అతను డబ్బాలోకి చూశాడు. ఆకుపచ్చ జెర్సీ తీసి అరచేతిలో పరుచుకున్నాడు. "ఇది పారేశావనుకున్నాను."

"బాలయేసు బట్టలు పారేస్తారా ఎవరైనా?"

దాని మీది తొమ్మిది అంకెని వేలితో అదిమాడు. తర్వాత జేబులో చెయ్యి పెట్టాడు. ఫోను తీస్తాడనుకుంది ఒటీలియా. ఎర్రగుడ్డ మీద అతను పెట్టింది రొట్టెలో దొరికిన వేలెడంత ప్లాస్టిక్ బొమ్మ.

"రేపు తమాలెలు నావి," అన్నాడు. "ఇది తొడుగమ్మా. పచ్చదే."

"జనం ఏమనుకుంటారు?"

"అనుకోనీ. నేను గ్వాటెమాలా వెళ్లట్లేదు. ఇంక దీనివల్ల పోయేదేముంది?"

ఆమె ఎర్రగుడ్డ మడతపెట్టింది. పచ్చజెర్సీ మీద తొమ్మిది అంకె దారం ఊడివుంటే సూదిలోకి దారం ఎక్కించబోయింది. కళ్లు ఆనలేదు. అతనే ఎక్కించి ఇచ్చాడు.

"బొమ్మ దాచానని హెర్మీనియా అత్తకి చెప్పకు."

"దానికి ఆరోజే తెలుసు. వీధంతా తెలుసు."

అతనికి నవ్వొచ్చింది. "మరి ఎవరూ అడగలేదేం?"

"నువ్వే చెబుతావని." ఆమె ముడివేసి దారం తెంపింది. "పిండి కలపడం వచ్చా నీకు?"

"రాదు."

"అయితే లే. ముందా మొక్కజొన్న పొత్తుల రేకులు నీళ్లలో నానబెట్టు."