పేజీ నిండా డైలాగు

ఎడ్విన్ పార్లో గారు టీవీలో ఎన్నిసార్లు చచ్చిపోయారో ఆయనకే గుర్తులేదు. లండన్ సీరియళ్లలో దాదాపు యాభై ఏళ్లు వేషాలు వేసిన మనిషి. పోలీసు, పాస్టరు, బట్లరు, శవాన్ని మొదట చూసి కెవ్వుమనే తోటమాలి, ఒక్కోసారి ఆ శవమే. ఏ వేషమైనా రెండు ముక్కలు మాట్లాడి పక్కకి తప్పుకోవడమే. కథ ఊపందుకునేసరికి ఈయన మేకప్ కడుక్కుని ఇంట్లో టీ తాగుతూ ఉండేవారట.

"హీరో ఏడవాలంటే ఎవరో ఒకరు పోవాలి కదా సత్యా. ఆ ఎవరో ఒకరిని నేనే" అనేవారు నాతో.

ఆయన కూతురు హెలెన్ మేడమ్ ఇక్కడ దుబాయ్‌లో స్కూల్ టీచరు. మిర్దిఫ్‌లో వాళ్ల ఇంట్లో నేను పనిచేస్తాను. నా పేరు సత్యకుమారి, మాది రాజోలు పక్కన. కూతుర్ని చూసి పోదామని 2020 మార్చిలో వచ్చిన పెద్దాయన, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయారు. మళ్లీ విమానాలు ఎగిరినా ఆయన మాత్రం కదల్లేదు. ఆయనది అసలు సిసలు ఇంగ్లీషు, నాది దుబాయ్ ఇంగ్లీషు. ఇద్దరం ఎలాగో నెట్టుకొచ్చాం. ఇక్కడ మాత్రం అంతా తెలుగులోనే చెబుతాను, మీకూ సుఖం, నాకూ సుఖం.

ఆయనతో మాల్‌కి వెళ్తే తమాషాగా ఉండేది. ఇంగ్లీషు టూరిస్టులు ఆగిపోయి ఆయన మొహంలోకి చూసేవాళ్లు. ఎక్కడో చూశారు, ఎక్కడో తెలియదు. ఒకావిడైతే "మా ఇంటికి గ్యాస్ రిపేరుకి వచ్చింది మీరే కదూ?" అని అడిగింది. ఈయన కాదనలేదు. "ఇప్పుడు బాగా పనిచేస్తోందా అమ్మా?" అని మర్యాదగా కనుక్కుని పంపించారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు వేషాలు వేసి, ఆఖరికి గ్యాస్ రిపేరువాడా?

నిజం చెప్పొద్దూ, ఈయన నటుడంటే మొదట్లో నాకూ నమ్మకం కలగలేదు. మా వైపు నటుడంటే కిరీటం పెట్టాలి, గద పట్టాలి, రాగం తీస్తే పక్క ఊరికి వినపడాలి. ఈయన తన పాత సీరియళ్లు చూపిస్తే, తలుపు తీసి "డాక్టరుగారు లోపల ఉన్నారు" అనడం తప్ప ఇంకేమీ లేదు. "ఇదేం నటన సార్, ఇది నేనూ చేస్తాను" అన్నాను. "అయితే చెయ్యి" అన్నారు. వంటింటి తలుపు తీసి ఆ ముక్క అన్నాను. నా మొహం నాకే కొయ్యబొమ్మలా అనిపించింది. అప్పుడు ఆయన అదే తలుపు తీసి అదే ముక్క అన్నారు. లోపల ఉన్న డాక్టరు మంచివాడు కాడని నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు నుంచి ఆయన వేషాల గురించి నోరెత్తలేదు.

2022లో ఒక పొద్దున్న టీ అడగబోయి కుర్చీ ఇమ్మన్నారు. కుర్చీ ఇస్తే కోపం తెచ్చుకున్నారు. ఆస్పత్రిలో చిన్న స్ట్రోక్ అన్నారు. కాలూ చెయ్యీ త్వరగానే స్వాధీనంలోకి వచ్చాయి. మాటలే సరిగ్గా అవసరమైనప్పుడు దొరికేవి కావు. మాట మీద బతికిన మనిషికి అంతకన్నా నరకం ఏముంటుంది?

మరుసటి ఏడాది చలికాలంలో లండన్ నుంచి ఫోను వచ్చింది. అబుదాబిలో ఒక సీరియల్ తీస్తున్నారట. ఎప్పుడో కుర్రతనంలో ఇక్కడికొచ్చి ఓడరేవు కట్టిన ఇంజినీరు, ముసలివాడై సొంత దేశానికి వెళ్లిపోతూ వర్క్‌షాపులో పనివాళ్లకి వీడ్కోలు చెప్పాలి. ఆ ఇంజినీరు వేషం ఈయనకిచ్చారు. డైలాగు కాగితం రాగానే పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"పేజీ నిండా ఉంది సత్యా! నా ఒక్కడిదే. మధ్యలో ఎవరూ మాట్లాడరు. జన్మలో నాకెవరూ పేజీ ఇవ్వలేదు."

హెలెన్ మేడమ్ వద్దంటే వద్దంది. "నాన్నా, అందరి ముందూ తడబడితే నేను చూడలేను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి స్ట్రోక్ సంగతి డైరెక్టరుకి చెప్పాలన్న షరతు మీద ఒప్పుకుంది. డైరెక్టరు ఒక చిన్న వయసు ఇంగ్లీషు అమ్మాయి. మంచిదే. ప్రయత్నిద్దామంది. కుదరకపోతే పేజీ తీసేసి, ఇంజినీరు చేత "థాంక్యూ, వెళ్లొస్తాను" అనిపించి పంపేస్తామంది. అంటే మళ్లీ రెండు ముక్కలే.

"నా ఆఖరి వేషం కూడా రెండు ముక్కలైతే ఎలా?" అన్నారు పెద్దాయన. ఆ పేజీ ఆయన నోట పూర్తిగా రావాలని నేను మొక్కని దేవుడు లేడు.

ఇక ఇంట్లో అదే పని. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే ఎదురుగా నిలబడి నన్నే పనివాళ్ల గుంపనుకుని చెప్పేవారు. నేను వచ్చినప్పుడు ఈ ఒడ్డున నీడ లేదు, ఈ రోజు మనం నిలబడ్డ నీడ మీరు కట్టిందే, అని మొదలయ్యేది. ఎంత చక్కగా అనేవారో! సగం దాటాక ఒక చోట మాత్రం బండి ఆగిపోయేది. "రేవు గోడ మీద రాయి చెక్కి నా పేరు పెట్టారు" అనేవారు. తర్వాతి మాట రాదు. నేను అందించేదాన్ని: "గోడ లోపల మీ చేతులున్నాయి." అందిస్తే మిగతాదంతా గడగడా వచ్చేసేది. షూటింగులో ఎవరందిస్తారు?

షూటింగుకి ముందు రోజు మా బావ ఫోన్ చేశాడు. మా అక్క మొగుడు వెంకట్రావు, అల్ కుసైస్‌లో రూముంది, పనులకి మనుషుల్ని పంపే సప్లై కంపెనీలో హెల్పరు. నాటకాల పిచ్చోడు. ఊళ్లో భటుడి వేషం తప్ప ఇంకోటి ఎవరూ ఇవ్వలేదు గానీ, పద్యం వినడానికి సైకిలు మీద ఎంత దూరమైనా పోయేవాడు.

"ఏమే సత్యా, రేపు మమ్మల్ని ఐకాడ్ తీసుకెళ్తన్నారు. ఎవరో దొరగారు మాటాడతాంటే మేం నిలబడి చూడాలంట. షూటింగంట!"

"ఆ దొరగారు మా పెద్దాయనే బావా. నీకు దండం పెడతాను, అక్కడ నోరెత్తకు."

"ఆయ్, నేనెందుకెత్తుతానే? నటుడి ముందు ఎలా ఉండాలో నాకు నువ్వు చెబుతావా?"

ఐకాడ్ అంటే అబుదాబిలో ఫ్యాక్టరీల పేట, అక్కడ పాత షెడ్డు ఒకటి తీసుకున్నారు. పడమటి వైపు పెద్ద తలుపులు బార్లా తీసి ఉన్నాయి. సాయంత్రం ఎండ లోపలికి ఏటవాలుగా పడే కాసేపట్లోనే ఈ సీను తీసేయాలట, ఎండ పోతే సీనూ పోయినట్టే. ఖాకీ కోటు, చేతిలో టోపీతో పెద్దాయనని నిలబెట్టారు. ఎదురుగా నీలం డ్రస్సుల్లో మనవాళ్లూ బెంగాలీలూ పఠాన్లూ, చాలామందే ఉన్నారు. హెలెన్ మేడమూ నేనూ కెమెరాల వెనక కూచున్నాం.

పనివాళ్లకి ఎలా ఉండాలో చెప్పే బాధ్యత ఫోర్మన్ కరీముల్లా భాయ్‌ది. కదిరాయన. హిందీలో ఒకసారి చెప్పి, తెలుగులో మళ్లీ చెప్పాడు.

"ఇనండబ్బా! మాట్లాడేది లే, నగేది లే, ఫోను తీసేది లే. ఆ పెద్దాయన మొగం చూస్తా గమ్మున నిలబడాల. అంతే, ఖలాస్!"

మొదటిసారి ఆ గోడ మాట దగ్గరే ఆగిపోయారు. రెండోసారీ అక్కడే. మూడోసారి దాటబోయి ఇంకో మాట అన్నారు, అది తప్పని ఆయనకే తెలిసి తలదించుకున్నారు. ఎండ నేల మీద నుంచి మనుషుల నడుముల దాకా ఎక్కింది. డైరెక్టరమ్మ దగ్గరికొచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆ రెండు ముక్కలే తీసుకుందామా అని మెల్లగా అడిగింది.

"ఒక్క ఛాన్సివ్వు తల్లీ" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

నాలుగోసారి గోడ దగ్గరికి వచ్చారు. ఆగారు. నా పెదాలు వాటంతటవే కదులుతున్నాయి. ఆయన నావైపు చూడలేదు, కెమెరా వైపూ చూడలేదు. ముందు వరసలో ఉన్నవాళ్ల చేతులవైపు చూశారు. "గోడ లోపల మీ చేతులున్నాయి" అన్నారు. అక్కణ్నుంచి ఆపేవాడెవడు? మీ పేర్లు అడగకుండానే ఇన్నేళ్లు గడిపేశాను, నన్ను క్షమించండి అనే ఆఖరి మాట దాకా ఒక్క ఊపున వచ్చేశారు. ఇంకాసేపు ఆ మొహం మీదే కెమెరా ఉంచాలని డైరెక్టరమ్మ అందరినీ కదలొద్దని చెయ్యెత్తి సైగ చేసింది.

"వన్స్‌మోర్!"

ఎవరి గొంతో నేను వేరే చెప్పాలా? మా బావే. అరిచి ఊరుకోకుండా రెండు వేళ్లూ నోట్లో పెట్టి ఈలేశాడు. ఆ ఈలతో షెడ్డులో ఉన్న మన గోదావరి జనమంతా మేలుకున్నారు. "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" అని చప్పట్లు. మనవాళ్లని చూసి బెంగాలీలూ కొట్టారు. ఆ రేకుల షెడ్డు దద్దరిల్లిపోయింది.

సౌండ్ చూసే అతను హెడ్‌ఫోన్లు పీకి విసిరాడు. అరుపులు కూడా రికార్డైపోయాయి, టేకు పోయింది. హెలెన్ మేడమ్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. కరీముల్లా భాయ్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"యా అల్లా! ఎవుడబ్బా వాడు? నేనేం జెప్తి, నువ్వేం జేస్తివి?"

మా బావ మొహం పాలిపోయింది. "భాయ్, అలవాటులో వచ్చేసిందండి. నేను అరవలేదండి, అదే వచ్చేసింది" అంటున్నాడు. వాణ్ని అక్కడే పాతేద్దామన్నంత కోపంతో లేచాను. ఇంతలో పెద్దాయన నన్ను పిలిచారు.

"వాళ్లు ఎందుకలా అరిచారు? ఏం తప్పు చేశాను?"

"తప్పు కాదు సార్" అన్నాను. కోపంలోనే చెప్పడం మొదలుపెట్టాను. మా వైపు నాటకంలో పద్యం బ్రహ్మాండంగా పాడితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు. అరిస్తే ఆ పద్యం మళ్లీ మొదటి నుంచీ పాడాలి. యుద్ధంలో పడి చచ్చిపోయిన రాజైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పాడి, మళ్లీ పడుకుని చావాలి.

ఆయన నవ్వలేదు. "నాకోసం ఎప్పుడూ ఎవరూ అరవలేదు సత్యా. కట్ అనేవాళ్లు, దీపాలు ఆర్పేవాళ్లు, అందరూ భోజనానికి వెళ్లిపోయేవాళ్లు. బాగుందో లేదో తెలిసేది కాదు" అన్నారు. కళ్లు తడిగా ఉన్నాయి. "వాళ్లకి ఇంగ్లీషు వచ్చా?"

"కొందరికి వచ్చు, కొందరికి రాదు. పద్యమూ అంతే సార్, సగం మందికి అర్థం కాదు. గొంతు అర్థమవుతుంది."

"అడిగితే చెయ్యాల్సిందేనా?"

"చెయ్యాల్సిందే. చెయ్యకపోతే జనాన్ని అవమానించినట్టు."

డైరెక్టరమ్మ గడియారం చూసుకుంటోంది. ఎండ గుండెల దాకా వచ్చేసింది. ఈయన అలిసిపోయారు, రెండు ముక్కలతో సరిపెడదామని తన మనుషులకి చెబుతోంది. పెద్దాయన ఆమె ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లి తన చోట నిలబడ్డారు.

"వాళ్లు అడిగారు, నేను చెబుతున్నాను. కెమెరా తిప్పడం తిప్పకపోవడం మీ ఇష్టం" అన్నారు.

పరుగులు పెట్టి అంతా సర్దుకున్నారు. కరీముల్లా భాయ్ మా బావ పక్కనే వచ్చి నిలబడి, వాడి మోచెయ్యి పట్టుకున్నాడు. బావ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

ఆయన మొదలుపెట్టారు. ఇంతకుముందు చెప్పింది కూడా ఇదేనా అనిపించింది నాకు. అప్పుడు గుర్తు చేసుకుంటూ చెప్పారు, ఇప్పుడు వాళ్లతో మాట్లాడుతున్నారు. ఒక్కొక్కరి మొహమూ చూస్తూ, తొందర లేకుండా, అన్నం తినమని చెప్పినంత మామూలుగా. గోడ దగ్గర అసలు ఆగనేలేదు. ఆఖరి మాట అయ్యేసరికి ఎండ సరిగ్గా ఆయన మొహం మీదుంది. ముందు వరసలో ఒక పఠాను ముసలాయన టోపీ తీసి గుండెకి పెట్టుకున్నాడు. అది ఎవరూ చెప్పి చేయించింది కాదు. హెలెన్ మేడమ్ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు పుటుక్కుమంది.

డైరెక్టరమ్మ చాలాసేపటికి గాని కట్ అనలేదు. సౌండతని వైపు చూసింది. అతను బొటనవేలు ఎత్తాడు. ఎండ పోయింది, సీను మిగిలింది. ఆమె తల ఊపింది. పేజీ మొత్తం, ఒక్క ముక్క కూడా తగ్గకుండా, దొరికింది. నాకు గర్వంతో ఒళ్లు పొంగిపోయింది. గ్యాస్ రిపేరు అన్నావిడ అక్కడుంటే ఎంత బాగుండేది!

షెడ్డులో మాత్రం చప్పుడు లేదు. పనివాళ్లంతా బిగదీసుకుని నిలబడ్డారు. మా బావ ఇంకా నోటి మీంచి చేతులు తియ్యలేదు, ఊపిరాడక కళ్లు బయటికొస్తున్నాయి.

పెద్దాయన నావైపు తిరిగారు. "ఇక పర్వాలేదని చెప్పు వాళ్లకి."

"కానియ్ బావా!" అని గట్టిగా కేకేశాను.

ఆ వన్స్‌మోర్ కేకలు వర్ణించడం నా వల్ల కాదు. చుట్టూ ఉన్న ముసఫ్ఫా పేట అంతా వినపడి ఉంటుంది. కరీముల్లా భాయ్ అందరికన్నా గట్టిగా అరిచాడు. పెద్దాయన తల వంచి, ఆ చప్పుడంతా అలా నిలబడి విన్నారు. అప్పటికే కెమెరాలు విప్పి పెట్టెల్లో సర్దుతున్నారు, దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోతున్నాయి, బస్సు డ్రైవరు యల్లా యల్లా అంటూ హారన్ కొడుతున్నాడు. ఆయన చెయ్యెత్తారు. అరుపులు ఆగాయి. డైరెక్టరమ్మ హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, వెళ్లి మనవాళ్ల పక్కన నేల మీద కూచుంది.

పార్లో గారు గొంతు సవరించుకుని, మొదటి మాట నుంచి మళ్లీ మొదలుపెట్టారు.