ఒట్టు లేని గంప

కాశీబుగ్గ చేపల బజారులో ఒట్టు పెట్టకుండా చేప అమ్ముడుపోదు. బేరం కుదిరాక, మొప్ప ఎత్తి ఎరుపు చూసుకున్నాక, వేలితో నొక్కి చూసుకున్నాక కూడా కొనేవాడు చివరికి ఒక మాట అడుగుతాడు: "ఒట్టెట్టు." అమ్మే ఆవిడ పెడుతుంది. అడిగినవాడు ఆ ఒట్టుని నమ్మడు, పెట్టిన ఆవిడ నమ్మించానని అనుకోదు. అయినా ఆ మాట పడితే గాని సంచి మూతి తెరుచుకోదు. ఎవడు మొదలుపెట్టాడో గాని, అబద్ధానికి ఇంత మర్యాద చేసే బజారు ఇంకోటి ఉండదు.

ఆ విద్యలో బొడ్డమ్మని మించినవాళ్లు లేరు. కళ్ల మీద ఒట్టు, కొడుకు మీద ఒట్టు, కూర్చున్న బండ మీద ఒట్టు, గంగమ్మ తల్లి మీద ఒట్టు. ఐసు పెట్టెలో పడుకుని లేచిన కోనెం చేపని పైకెత్తి, "ఇప్పుడే ఒడ్డున పడ్డాది బాబూ, ఇంకా రెప్పలాడిత్తంది సూడు" అనేది. చేపకి రెప్పలుండవన్న సంగతి కొనేవాడికి ఇంటికెళ్లాక గాని గుర్తొచ్చేది కాదు.

వజ్రపుకొత్తూరు అవతల సముద్రపు ఒడ్డు ఊరు ఆవిడది. కొన్నేళ్ల కిందట అదే సముద్రంలో, ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా బాప్తిస్మం తీసుకుంది. మనిషి మారిందా అంటే మారింది. గంగమ్మ మీద పెట్టే ఒట్టు యేసయ్య మీదకి మారింది. ఆదివారం ప్రార్థన మందిరంలో ముందు చాప ఆవిడదే, పాటలో పై గొంతు ఆవిడదే. సోమవారం తెల్లారేసరికి గంప, ఆటో, బజారు, ఒట్లు.

పలాస స్టేషన్ రోడ్డులో భోజనం హోటలు నడిపే వైకుంఠరావు ఆవిడ పాత బేరగాడు. ఒకరోజు పొద్దున్న కోనెం బేరం చేసి, అలవాటుగా ఒట్టెట్టమన్నాడు.

"యేసయ్య మీద ఒట్టు బాబూ, పొద్దుటి సేపే."

వైకుంఠరావు సంచి తెరవబోయి ఆగాడు. "ఓసి బొడ్డమ్మా! మొన్న టెక్కలిలో మీవోళ్లు కూడికకి పిలిత్తే బిర్యానీ కోసం ఎల్లేను. బిర్యానీకి ముందు గంటసేపు ప్రసంగం ఎట్టేరు. మీ దేవుడు అసలు ఒట్టే వద్దన్నాడంట గదా! అవునంటే అవునను, కాదంటే కాదను, ఆ పైన మాటొద్దు అన్నాడంట. నువ్వేటి, ఆయన మీదే ఎట్టేత్తన్నావు?"

వరసలో ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. పక్క బండ మీద కూర్చునే చిన్నమ్మి అయితే చేప పొలుసు తీసే కత్తి పక్కన పడేసి మరీ నవ్వింది. "ఆదోరం దేవుడు యేరు, బజారు దేవుడు యేరు బాబూ! ఆ దేవుడు సేపల వరసలోకి వత్తే వాసనకి నిలబడగలడేటి?"

ఒకటంటే రెండు అప్పజెప్పే బొడ్డమ్మ ఆ రోజు తల వంచుకుని చేపని అతని సంచిలో పడేసింది. తన దేవుడి మాట తనకి చెప్పడానికి, బిర్యానీకి వెళ్లినవాడు కావలసి వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకాష్ పాస్టరుగారిని అడిగింది. పాస్టరుగారు మెత్తని మనిషి. "అది కోర్టుల్లో పెట్టే ప్రమాణాల సంగతమ్మా. వ్యాపారంలో మాట వరసకి అనేవి దేవుడు పట్టించుకోడులే" అన్నారు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో ఉడికే పులుసు బొడ్డమ్మ గంపలోంచే వెళుతుంది మరి. గొర్రెకి ముల్లు గుచ్చుకున్నా, నొప్పి లేదులే అని నిమిరి పంపే కాపరులకి ఈ రోజుల్లో కరువు లేదు.

బొడ్డమ్మకి ఆ జవాబు రుచించలేదు. చేప మెత్తబడితే వేలికి తెలుస్తుంది, మాట మెత్తబడితే తెలియదా?

సోమవారం ఆటోలో గంపలన్నీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, చేపల నీళ్లు కాళ్ల మీద కారుతున్నాయి. ఆడవాళ్లు సీరియల్ గురించి కొట్టుకుంటున్నారు. బయట తిత్లీ తుపాను విరిచేసిన కొబ్బరి మొద్దుల పక్కన కొత్త చెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. బొడ్డమ్మ కొంగు తల మీదకి లాక్కుని లోలోపలే మాట్లాడింది.

"ప్రభువా, ఆదోరం నీకిచ్చీసి, మిగతా దినాలన్నీ నాకాడే దాసుకున్నాను. పాట నీకిచ్చి, నోరు బజారుకిచ్చినాను. ఇకన సగం సగం వద్దు. ఈ గంప కూడా నీదే. ఇందా, తీసుకో."

ఆకాశం ఏమీ తెరుచుకోలేదు. ఆటో గోతిలో పడి లేచింది, అంతే. కానీ కాశీబుగ్గలో దిగిన బొడ్డమ్మ, ఎక్కిన బొడ్డమ్మ కాదు.

ఆ రోజు గంపలో రెండు రకాలున్నాయి. బండ మీద వాటిని రెండు కుప్పలుగా పోసింది. వైకుంఠరావు వచ్చాడు.

"ఇయ్యి నిన్నటియి బాబూ. అయ్యి ఈ పొద్దుటియి."

వైకుంఠరావు ఆవిడ వంక అనుమానంగా చూశాడు. పొద్దుటి కుప్పలోంచి కోనెం ఎత్తాడు. మొప్ప మందారంలా ఉంది. "ఒట్టెట్టు."

"ఎట్టను బాబూ. ఇయ్యాలదే, అంతే."

"ఇయ్యాలదే అయితే ఒట్టెట్టడానికేటి?"

"ఇకన ఎట్టను."

అతను చేపని కిందికి దించాడు. "అదీ సంగతి! బొడ్డమ్మే ఒట్టెట్టనేకపోతే ఇది ఏ నాటిదో!" అంటూ పక్క బండకి నడిచాడు. చిన్నమ్మి తల్లి మీద, తమ్ముడి మీద, పుట్టబోయే మనవడి మీద ఒట్టు పెట్టి, మొన్నటి చేపని సంచిలో వేసింది.

అబద్ధాలాడినన్నాళ్లూ నడిచిన బేరం నిజం చెప్పిన రోజున చచ్చిపోయింది. ఒట్టు పెట్టలేదంటే చేపలో ఏదో ఉందని బజారు లెక్క. పైగా నిన్నటిది నిన్నటిదేనని తన నోటితో తనే చెబుతుందాయె! కొనేవాళ్లు నవ్వుకుంటూ దాటిపోయేవారు. మిగిలిన చేపలు ఇంటికి తెచ్చి ఉప్పేసి ఎండబెట్టేది. కొన్నాళ్లకి ఇంటిముందు ఇసక మీద ఎండుచేపలు తప్ప ఖాళీ కనిపించలేదు.

మొగుడు నూకయ్య మోకాళ్లు పట్టేసి వేట మానుకున్న మనిషి. గుమ్మంలో వల బాగుచేస్తూ, ఆ ఎండుచేపల్ని చూసి చూసి ఒకరోజు సూది విసిరేశాడు.

"ఒలే, అబద్ధానికి ఒట్టెట్టద్దు, సరే, ఒప్పుకున్నాను. నిజం సెప్పినప్పుడు ఒట్టెట్టడానికి నీకేటి నొప్పి?"

"నిజానికి ఒట్టెడితే, ఒట్టు లేకండా నాను సెప్పిందంతా అబద్ధమనే గదా మావా!"

"అబ్బో, పాస్టరమ్మ!" అని, విసిరేసిన సూది వెతుక్కున్నాడు.

అసలు దెబ్బ తరవాత తగిలింది. బజారులో ఆశీలు వసూలు చేసే కన్నయ్య వచ్చి బండ పక్కన నిలబడ్డాడు. బండకి సొంతదారు కాకపోయినా ఎవరు ఎక్కడ కూర్చోవాలో అతని మాటే. "పిన్నీ, ఏటీ ఇది? నీ బండ కాడ ఈగలు తప్ప మనిషి లేడు. ఈ జాగా కోసం నలుగురు నా ఎనకాల తిరుగుతున్నారు. ఈ వారం కూడా ఇలాగే ఉంటే బండ ఇంకొకలకి ఇచ్చేత్తాను. నన్ననుకోవద్దు."

ఆ బండ బొడ్డమ్మ తల్లి కూర్చున్న బండ. ఆ రాయి మధ్యలో పడిన గుంట ఇద్దరి కత్తులూ కలిసి అరగదీసింది. ఒక్క ఒట్టు పెడితే ఆ బండ ఉంటుంది. ఒక్కటంటే ఒక్కటి.

"నీ ఇష్టం కన్నయ్యా. ఒట్టయితే ఎట్టను" అంది. చెయ్యి మాత్రం రాతి గుంటని తడుముతూనే ఉంది.

ఆ వారమే అల్పపీడనం పట్టింది. సముద్రం రేగింది, పడవ దిగలేదు. బజారుకి వచ్చిందంతా ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చిన ఐసు సరుకే. అయినా వరసంతా పాత పాటే: "ఇప్పుడే దిగింది బాబూ, నా కళ్ల మీద ఒట్టు!" వారం చివర్లో వాన కాస్త తెరిపిచ్చింది. బొడ్డమ్మ మరిది ధైర్యం చేసి తెల్లారకముందే తెప్ప తోసి, ఒడ్డుకి దగ్గర్లోనే వల వేసి వచ్చాడు. రెండు చిన్న పాలసొరలు పడ్డాయి. బాలింతకి పాలు పడతాయని వండిపెట్టే చేప అది.

బొడ్డమ్మ బండ మీద సొరలు ఒక పక్కన, ఐసు కోనెం ఒక పక్కన పెట్టింది. "ఈ సొరలు ఈ పొద్దుటియి. ఈ కోనెం మూడు దినాలు ఐసులో ఉన్నాది" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది. ఎవరూ ఆగలేదు. దూరంగా కన్నయ్య ఇంకో ఆవిడతో మాట్లాడుతూ ఇటువైపే చెయ్యి చూపిస్తున్నాడు.

చిన్నమ్మి దగ్గరా సొరలున్నాయి. వైకుంఠరావు వాటి ముందు నిలబడ్డాడు.

"ఇయ్యాలదేనా?"

"నా కూతురు మీద ఒట్టు బాబూ! సముద్రంలోంచి తిన్నగా నా బండ మీదకే దూకింది."

అప్పుడే చిన్నమ్మి ఫోను మోగింది. చెవికి ఆనించుకుని, ఒక్క కేక పెట్టింది. "ఆడపిల్లంట! మా దేవికి ఆడపిల్లంట! తల్లీపిల్లా బాగున్నారంట!" వరసంతా గొల్లుమంది. టెక్కలి ఆసుపత్రిలో పురుడు. కూతురికి సొర వండి పంపాలి, ఊరెళ్లే బండి రోడ్డు మీద సిద్ధంగా ఉంది. చిన్నమ్మి కొంగు దోపుకుని లేచింది. తన బండ మీద ఉన్న సొరల్ని చూడనైనా చూడలేదు. వాటిని దాటుకుని తిన్నగా, అక్క వరసైన బొడ్డమ్మ ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"అప్పా, ఆ సొరలు ఇలాగియ్యి. బేగి."

వైకుంఠరావు చేతిలో చిన్నమ్మి సొర అలాగే వేలాడుతోంది. చేపని చూశాడు, చిన్నమ్మిని చూశాడు.

"ఏటే చిన్నమ్మీ, ఇది తిన్నగా నీ బండ మీదకి దూకింది గదా! నీ కూతురికి ఇదెందుకు పనికిరాదూ? పోనీ, బొడ్డమ్మ సేపకి ఒట్టెట్టించుకోవేటి?"

"అప్పకి ఒట్టెందుకు బాబూ, అప్ప అబద్ధమాడదు!" అనేసింది చిన్నమ్మి.

అన్నాక గాని తెలియలేదు ఏమన్నదో. నాలిక కరుచుకుంది. నవ్వు మొదలైంది. వరస ఈ చివర పుట్టి ఆ చివరిదాకా, రేకుల షెడ్డు మోగిపోయేలా నవ్వు. ఒకప్పుడు బొడ్డమ్మని కాల్చిన నవ్వే అది. ఇవాళ ఆవిడని తాకకుండా బండ చుట్టూ తిరిగి వెళ్లింది.

బొడ్డమ్మ నవ్వలేదు. అనడానికి చాలా ఉంది, నోటిదాకా వచ్చింది కూడా. మింగేసి, సొరల్ని శుభ్రంగా కడిగి ఆకులో చుట్టి చిన్నమ్మి చేతిలో పెట్టింది. "పో. పిల్ల ఆకలి మీద ఉంటాది. బేరం లేదు, మనవరాలికి నా కట్నం."

చిన్నమ్మి కళ్లు నిండిపోయాయి. "అప్పా, నీ మీద ఒట్టు..." అని మొదలెట్టి, మధ్యలోనే ఆపేసి పరిగెత్తింది.

వైకుంఠరావు బొడ్డమ్మ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఈ కోనెం?"

"సెప్పేను గదా బాబూ. ఐసుది. పులుసుకి పనికొత్తాది, ఏపుడుకి వద్దు."

అతను మొప్ప ఎత్తలేదు, వేలితో నొక్కలేదు. ఒట్టెట్టమనలేదు. సంచి తెరిచి పట్టుకున్నాడు. అతని వెనక ఇద్దరు ఆగారు. వాళ్ల వెనక ఇంకొందరు.

కన్నయ్య కూడా వచ్చాడు, ఆశీలు కోసం. "బండ ఎవులికో ఇచ్చేత్తానన్నావు గదరా" అంది బొడ్డమ్మ.

"ఎవులన్నారు పిన్నీ? నానా? భలేదానివే!"

ఆ మాటకి మాత్రం బొడ్డమ్మ మనసారా నవ్వింది. లేచి నిలబడి, నడుముకి కొంగు బిగించి, మందిరంలో పాడే పై గొంతెత్తి కేకేసింది. "ఐసు సేపలు! మూడు దినాల సేపలు! పులుసు సేపలమ్మా, పులుసు సేపలు!" కాశీబుగ్గ బజారు పుట్టాక అలాంటి కేక ఎవరూ విని ఉండరు. జనం నవ్వుతూనే మూగారు.

పొద్దు వాలకముందే ఆటో ఊళ్లో ఆగింది. నూకయ్య గుమ్మంలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుని ఎదురొచ్చాడు. ఉప్పు బుట్ట అప్పటికే సిద్ధం చేసి ఉంచాడు. గంపలోకి తొంగి చూశాడు. అడుగున తడి గోనె తప్ప ఏమీ లేదు.

"అన్నీ అమ్ముడైపోనాయేటే? నిజమేనా? ఒట్టు?"

బొడ్డమ్మ ఖాళీ గంపని ఎత్తి అతని తల మీద బోర్లించింది.

"అవును మావా" అంది.