మూసిన గొడుగు

1911 మార్చి పద్నాలుగు, మంగళవారం మధ్యాహ్నం. కోపెన్‌హాగెన్‌లో చిత్రకారుడు ఐలర్ థ్రానే ఇంటి ముందుగదిలో ముగ్గురున్నారు: ఐలర్, అతని భార్య ఆగ్నెతె, వసంత ప్రదర్శన సంఘం తరఫున హామీపత్రం పట్టుకొచ్చిన పాత స్నేహితుడు హొల్క్.

బొమ్మ గీసినదీ, చెక్కినదీ, అచ్చు వేసినదీ తానేనని చిత్రకారుడు ఆ పత్రంలో ఒప్పుకోవాలి. మరొకరి చేయి పడిందంటే ప్రదర్శనలో చోటు దక్కదు. ఐలర్‌ను ఆ సంఘం అంతకుముందే రెండుసార్లు వెనక్కి పంపింది.

గోడకు ఆన్చిన అచ్చుబొమ్మలో క్యోటో వంతెన మీద వాన కురుస్తోంది, ఒక ముసలాడు తడుస్తూ దాటుతున్నాడు.

"గీసిన కాగితమేదోయ్?" అన్నాడు హొల్క్.

"ఉండదు. జపాన్ పద్ధతే అంత. కాగితాన్ని చెక్కకి బోర్లా అతికించి, దాని మీంచే చెక్కాలి. పనయ్యేసరికి ఏమీ మిగలదు," అన్నాడు ఐలర్.

"చెక్క మింగేసిందన్నమాట! మాటలొస్తే దొంగతిండి తిన్న మా కుక్కా ఇలాగే చెప్పేది."

ఆగ్నెతె నవ్వుతూ కాఫీ పోసింది. ఐలర్ నవ్వలేకపోయాడు. ఆ కాగితం వీపున నూనె రాసినప్పుడు పైకి తేలిన గీతలన్నీ ఆగ్నెతెవే. అతను జ్వరంతో బసలో పడుకున్న రోజున వంతెన దగ్గర తడుస్తూ ఆమె గీసినవి. వాటి వెంబడే తన కత్తి నడిచి, కాగితాన్ని పొట్టులా లేపేసింది. "నీకు పనికొస్తే తీసుకో" అని ఆమె అన్న మాట నిజమే. అడుగున తన పేరొక్కటే చెక్కుకోవడం మాత్రం అతని సొంత ఆలోచన.

"అది సరే, ఇంత వానలో ఈ ముసలాడు గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడేంటి?" అన్నాడు హొల్క్ బొమ్మ చూపిస్తూ.

ఐలర్‌కు తెలియదు. ఆ గొడుగును గీత గీతగా చెక్కినవాడు, ఎన్నడూ ఆ మాట అడగనేలేదు.

"అరువు గొడుగండీ," అంది ఆగ్నెతె. "తడిపితే ఇచ్చినావిడ తిట్టిపోస్తుందట. నేనే అడిగాను."

"మీకు భలే తెలుసే!"

ఆమె భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే అతనికి భరించడం తేలికయ్యేది. ఆమె ఊరికే ఎదురుచూస్తోంది.

"ఇద్దరం అక్కడే ఉన్నాం కదా," అన్నాడు ఐలర్.

హొల్క్ కలం అందించాడు. ఐలర్ సంతకం చేశాడు. సిరా చిక్కగా పడింది. ఆగ్నెతె అద్దుడు కాగితం తెచ్చి, అతని పేరు చెదరకుండా మెల్లగా అద్దింది.

"ఆరిందిలే," అంది.

హొల్క్ పత్రాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.