అడుగు నీళ్ళ వెచ్చదనం

కిందటి చలికాలంలో చెరువులోని బంగారుతీగ చేపలన్నీ చచ్చి తేలాక, దెహై ఊరంతా తిరిగి ఒకటే మాట చెప్పాడు. చలి చంపేసిందట, తన చేతుల్లో ఏమీ లేదట. అతని తమ్ముడి భార్య షూఫెన్ నమ్మలేదు. చెరువు పక్కన చేపపిల్లల కోసం తవ్విన గుంటలో ఒక్క పిల్ల కూడా చావలేదు. చెరువుకీ గుంటకీ ఒకే మందాన నీళ్ళు గడ్డకట్టాయి. తేడా అంతా చెరువు అడుగుకి దెహై దింపించిన గాలిపంపులోనే ఉంది.

భర్త పోయినప్పటి నుంచి ఆ చెరువులో సగం షూఫెన్‌ది. పొడవాటి తీగ ఉన్న థర్మామీటరు ఒకటి హర్బిన్ నగరం నుంచి తెప్పించుకుంది. ఈ ఏడు ఊరి పక్క నది గడ్డకట్టగానే చెరువు మీది గడ్డకి బెజ్జం వేసి తీగ దించింది. గడ్డకి ఆనుకుని సున్నా. నడుమ రెండు. అడుగున, బురద దగ్గర నాలుగు. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద ఉంది.

డిసెంబరులో దెహై ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని, పంపుతో వచ్చాడు.

"పక్కకి తప్పుకో. గాలాడకపోతే చస్తాయి."

"ఈసారి పంపు దిగదు, బావగారూ."

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నా. చేపలన్నీ అడుగున వెచ్చగా ముడుచుకుని ఉన్నాయి. మీ పంపు ఆ నీళ్ళని పైకి తోడి, చల్లటివాటిని కిందికి కుక్కుతుంది. కిందటేడు చంపింది చలి కాదు."

దెహై మొహం కందిపోయింది. "అంటే నేను చంపానా?"

"అవును."

వెంట వచ్చినవాళ్ళు నేల చూపులు చూశారు.

"చల్లనీళ్ళు బరువు, కిందికే పోతాయి. బడికెళ్ళే పిల్లల్ని అడిగినా చెబుతారు," అన్నాడు దెహై.

"నాలుగు డిగ్రీల దాకా పోతాయి. అంతకంటే చల్లబడితే తేలికై పైకొస్తాయి. గడ్డ పైన తేలట్లేదూ? అదే మునిగేదైతే ఈ చెరువు అడుగు నుంచీ రాయైపోయేది. చేప అన్నది మనకి తెలిసేదే కాదు. నమ్మకపోతే తీగ మీరే దించి చూసుకోండి."

అతను తీగ ముట్టుకోలేదు. పంపు గొట్టం పట్టుకుని బెజ్జం వైపు నడిచాడు. షూఫెన్ వెళ్ళి బెజ్జానికి అడ్డంగా కూర్చుంది.

"ముందు నన్ను దించండి."

దెహై గొట్టం విసిరేశాడు. "చేపలు చస్తే తప్పు నాదేనని ఊరందరి ముందూ చెప్పాలి నువ్వు."

"చెబుతా. మీరైతే ఇంతవరకూ చెప్పలేదు."

అయితే గాలి సంగతిలో అతని మాట పూర్తిగా తప్పు కాదని ఆమెకి తెలుసు. గడ్డలోంచి వెలుతురు దిగితేనే నీళ్ళలోని నాచు చేపలకి ఊపిరి అందిస్తుంది. పైన మంచు పేరుకుంటే కింద అంతా చీకటే. అందుకే మంచు కురిసిన ప్రతిసారీ చెరువంతా ఊడ్చింది. జనవరిలో మూడు రోజులు ఆగకుండా కురిసింది. పారతో ఎత్తిపోస్తుంటే వేళ్ళు పగిలి రక్తం కారింది. మూడోరోజు అత్తగారు కుక్కతోలు టోపీ బిగించుకుని, ఇంకో పార పట్టుకుని వచ్చింది.

"మీరెందుకు అత్తమ్మా, ఈ చలిలో?"

"నీకోసమేం కాదులే. మా పెద్దాడి మాట తప్పని తేలడం నా కళ్ళతో చూడాలని ఉంది."

ఏప్రిల్‌లో గడ్డ విడిపోయింది. ఒడ్డుకి ఇరవై చచ్చిన చేపలు కొట్టుకొచ్చాయి. షూఫెన్ వాటిని ఏరి గట్టు మీద పెట్టి, ఇంకెన్ని తేలతాయోనని కాచుకుంది. వారం రోజులు ఇంకొక్కటి కూడా తేలలేదు. ఎనిమిదో రోజు పొద్దున మేత చల్లగానే చెరువంతా నోళ్ళే అయింది. నీళ్ళు మరుగుతున్నట్టు కదిలాయి.

పక్క ఊరి చేపల రైతులు చూడ్డానికి వచ్చారు. దెహై వాళ్ళకి చెరువు చూపిస్తూ, "ఈసారి మేం పంపు వెయ్యలేదు. అదీ కిటుకు," అన్నాడు.

షూఫెన్ మేత గంప కింద పెట్టింది.

"మేం కాదు బావగారూ. నేను. మీరు వేద్దామనే వచ్చారు."

రైతుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. దెహై గట్టు దిగి ఇంటి వైపు నడిచాడు. అడుగు నీళ్ళ సంగతి మొదటి నుంచీ చెప్పమని మిగతావాళ్ళు షూఫెన్ చుట్టూ చేరారు.