ఐదు సెకన్లు ముందొచ్చే గ్రహం

ఆ వేధశాలలో అందరూ ఆమెను లెక్కలమ్మ అనేవారు. ఇరవై రెండేళ్లప్పుడు ఆ వేధశాలను నడిపే మాస్టారి దగ్గర లెక్కలు కట్టడానికి చేరింది. ముప్పై ఎనిమిదో ఏట, ఒక మంగళవారం మధ్యాహ్నం, తను చేసిన తప్పు తనకే దొరికింది.

మాస్టారిది ఒకే ఒక్క గ్రహం. ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరుగుతుంది. మన గురుగ్రహం కన్నా పెద్దది, కానీ కాలు మోపడానికి నేల లేదు, అంతా వాయువే. ఒక చుట్టు తిరిగి రావడానికి దానికి ఒక రోజూ రెండు గంటలూ చాలు. ఇనుము కూడా ఆవిరైపోయే వేడి. ఒక ముఖం ఎప్పుడూ మంటకేసే ఉంటుంది, రెండో ముఖానికి తెల్లవారడమంటే తెలియదు. అలాంటి గ్రహం కంటికి కనబడదు. నక్షత్రం ముందు నుంచి దాటినప్పుడు వెలుగు గోరంత తగ్గుతుంది. ఆ క్షణాన్ని రాసుకోవడమే వాళ్ల పని. పదహారేళ్లలో పదకొండు వందల సార్లు రాసుకున్నారు.

ఆ గ్రహం రావలసిన సమయం కన్నా రవ్వంత ముందొస్తోందని మాస్టారు గమనించారు. ముందొస్తోందంటే చుట్టు చిన్నదవుతోందన్న మాట, అంటే నక్షత్రంలోకి జారిపోతోందన్న మాట. మొత్తం తేడా ఐదు సెకన్లు. ఆయన పేరంతా ఆ ఐదు సెకన్ల మీదే నిలబడింది. వేధశాలలోని పాత దుర్భిణిని మూసేద్దామని పైవాళ్లు మూడుసార్లు అన్నారు. పడిపోతున్న గ్రహాన్ని మొదటి నుంచీ చూస్తున్నది మేమేనని చెప్పి మాస్టారు మూడుసార్లూ ఆపారు.

ఆ ఏడాది ఇంకా పెద్ద దుర్భిణి ఉన్నవాళ్ల దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. మీ గ్రహం మాకు మాత్రం సరిగ్గా వేళకే వస్తోంది, దయచేసి ఒకసారి చూసుకోగలరా అని. మాస్టారు అప్పటికి తుంటి ఎముక విరిగి ఇంట్లో మంచం మీద ఉన్నారు. ఫోనులోనే మండిపడ్డారు.

"నిన్నగాక మొన్నొచ్చినవాళ్లు మనకి చెప్తారా! అంతా మొదట్నుంచీ తిరగతోడు. వాళ్ల నోళ్లు మూయించాలి."

ఆమె తిరగతోడింది. తప్పు తొమ్మిదో రోజున దొరికింది.

భూమి తిరుగుడు ఒక్క తీరుగా ఉండదు. అందుకని ప్రపంచంలోని గడియారాలన్నిటినీ కొన్నేళ్లకోసారి ఒక సెకను ఆపుతారు. వేధశాల గడియారం కూడా దానంతటదే ఆగేది. ఆగిన ప్రతి సెకనునూ లెక్కలో మళ్లీ కలపాలి, లేకపోతే గ్రహం అంత ముందొచ్చినట్టే కనబడుతుంది. చేరిన కొత్తలో ఆ కలిపే ప్రోగ్రాం రాసింది ఆమే. అప్పటిదాకా ఆపిన సెకన్లన్నీ అందులో పట్టికగా వేసింది. తర్వాత ఆపినవాటిని చేర్చడం మరిచిపోయింది. అవి సరిగ్గా ఐదు.

ఐదూ చేర్చి చూసింది. తెర మీద కిందికి వాలి ఉన్న గ్రహం వేళల గీత లేచి తిన్నగా పడుకుంది. గ్రహం ఎక్కడికీ పడిపోవడం లేదు.

దుర్భిణి మీది గుమ్మటాన్ని తెరిచి మూసే మేస్త్రీ టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన ఆ గుమ్మటం చక్రాలకు గ్రీజు పూస్తూ ముసలివాడైన మనిషి.

"ముఖమేంటమ్మా అలా పాలిపోయింది?"

"బాబాయ్, నేను పొరపాటు చేశాను. గ్రహం ముందు రావట్లేదు."

"ఎంత పొరపాటు?"

"ఐదు సెకన్లు."

ఆయన నవ్వబోయి, ఆమె నవ్వకపోవడం చూసి ఆగాడు. "ఐదు సెకన్లకా అమ్మా? నేను తుమ్మేలోపు అయిపోతాయి." పైన గుమ్మటం కేసి చూశాడు. "దీని గురించి చెబితే గుమ్మటం మూసేస్తారు కదూ?"

"మూసేస్తారు."

"చెప్పకపోతే?"

ఆమె టీ గబగబా తాగి గ్లాసు పక్కకు జరిపింది. ఆయన మళ్లీ అడగలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు. మెట్ల మీద ఆయన అడుగులు చాలాసేపు వినబడ్డాయి.

మర్నాడు పొద్దున ఆమె మాస్టారింటికి వెళ్లింది. తలుపు తీసింది ఆయన అక్కగారు. పెళ్లి చేసుకోని తమ్ముడికి వండిపెడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి.

"రా అమ్మాయ్. నీకోసమే కాచుక్కూర్చున్నాడు."

మాస్టారు దిండ్లకు ఆనుకుని ఉన్నారు. ఆమె కాగితాలు ఆయన ఒళ్లో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. అలా చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకుంది. తప్పు దొరికితే ముందు మనమే చెప్పాలి, ఊళ్లోవాళ్లు చెప్పేదాకా ఆగకూడదు అని ఆయన వందసార్లు అని ఉంటారు.

ఆయన కాగితాలు తిప్పలేదు.

"నీ పట్టిక తప్పయితే కావచ్చు," అన్నారు. "గ్రహం తప్పు కాదు."

"పట్టిక సరిచేస్తే తేడా ఏమీ మిగలట్లేదండీ."

"మిగులుతుంది. నువ్వు సరిగ్గా చూడలేదు."

"నాలుగుసార్లు చూశానండీ. నన్ను తిట్టండి. తప్పు నాదే."

"నిన్ను తిడితే నా పదహారేళ్లు తిరిగొస్తాయా? పో."

పోలేక నిలబడిపోయింది. అక్కగారు వచ్చి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. "తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటాడు. చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు ఏడవకు," అంటూ తనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

దిద్దుబాటు కాగితం మీద మాస్టారు సంతకం పెట్టలేదు. ఆమె తన ఒక్క పేరుతోనే పైవాళ్లకూ ఆ ఉత్తరం రాసినవాళ్లకూ పంపింది. నెల తిరక్కుండా పైనుంచి ముగ్గురు వచ్చారు. దుర్భిణి అద్దాన్ని విప్పి చెక్కపెట్టెలో పెట్టి తీసుకెళ్లారు. మేస్త్రీ చక్రాలకు చివరిసారి గ్రీజు పూశాడు. ఎందుకని ఒకతను అడిగితే, "అలవాటు" అన్నాడు. వెళ్లేముందు ఆమెతో మంచి మాటే మాట్లాడాడు. కానీ అమ్మా అనలేదు. మేడమ్ అన్నాడు.

ఆమెను వేరే ఊళ్లో వాన లెక్కల ఆఫీసుకు మార్చారు. వెళ్లేముందు ఒక సాయంత్రం మళ్లీ మాస్టారింటికి వెళ్లింది. కుర్చీలో కూర్చుని ఉన్నారు, బాగా చిక్కిపోయారు. బల్ల మీద పెద్ద గళ్ల కాగితం, దాని నిండా పెన్సిలు చుక్కలు, గ్రహం ఒక్కో రాకకు ఒక్కోటి.

"కూర్చో," అన్నారు, ఏమీ జరగనట్టు. "నువ్వన్న సెకన్లు కలిపే చూశాను. అయినా ముందొస్తోంది. చూడు."

ఆమె వంగి చూసింది. గీత కిందికే వాలింది, నిజమే. ఆ వెలుతుర్లో కాగితం మీద చెరిపిన చోట్లు కూడా కనబడ్డాయి. గీతకు అడ్డొచ్చిన చుక్కల్ని ఆయన రబ్బరుతో తుడిచేశారు. వందల చుక్కలు. మబ్బు పట్టిన వేళల్లో రాసుకున్నవి కాదు, నిర్మలమైన ఆకాశంలో దొరికినవి, అన్నిటికన్నా మంచివి. ఒకప్పుడు ఆమె ఒకే ఒక్క చుక్క వదిలేస్తే, "నీకు నచ్చకపోతే లేనట్టేనా?" అని పూట పూటంతా మాట్లాడని మనిషి ఆయన.

"కనబడిందా?" అడిగారు. చూపుడువేలు గీత మీద పెట్టారు.

"కనబడిందండీ," అంది.

"నేను చెప్పలేదూ!" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు చూడలేక ఆమె లేచింది.

గుమ్మం దగ్గర అక్కగారు గొంతు తగ్గించి అడిగింది. "ఒప్పుకున్నాడా?"

"నేనే ఒప్పుకున్నాను పెద్దమ్మా."

అక్కగారు ఇంకేదో అడగబోయింది. లోపలినుంచి మాస్టారు రబ్బరు ఎక్కడ పెట్టావని కేకేశారు. ఆవిడ వెతకడానికి వెళ్లింది. ఆమె చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగింది.